మాస్టారికి దక్కాల్సిన మాట

మా పక్కింటి కంప్యూటర్ మాస్టారు పోయిన నెల ఒకనాడు పొద్దున్నే పోయారు. నేను కోట ఊళ్ళో మందుల షాపు ముందు ఉండగా ఫోనొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండింది. ఎందుకో చెబుతాను.

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఐదో తరగతి దాటలేదు. అరవై దాటాక నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే. (ఇంజనుకన్నా ఇదే నయం. ఎంత తిట్టినా చేతికి మసి అంటదు.) టీ పూర్తిగా చల్లారితే గాని తాగని మనిషి. నేను విసుక్కుంటే, "ముందు తప్పు యాడుందో కనుక్కో అన్నా, ఆనక తిట్టుకుందువు" అనేవారు.

ఆయన రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవారు. కోల్డ్ రూమ్ ఎంత చల్లగా ఉందో ఒక ప్రోగ్రామ్ నమోదు చేస్తుండేది. అది కంప్యూటర్లలో ఉందా లేదా అని చూడడానికి మేనేజరు తానే ఒక స్క్రిప్టు రాశాడు. విండోస్‌లో రిజిస్ట్రీ అని ఒక చోటుంది. ప్రోగ్రాములు తమ వివరాలు అక్కడ రాసుకుంటాయి. స్క్రిప్టు దాన్ని చదివి "లేదు" అంది.

"నువ్వే తీసేసినావు, రూమ్ వేడెక్కింది దాచేదానికి" అని, రొయ్యలు వలిచే ఆడవాళ్ళందరి ముందూ మేనేజరు ఆయన్ని దొంగను చేసి గేటు బయటికి పంపాడు.

మాస్టారు ఇంట్లో పాత కంప్యూటర్లో అదే ప్రోగ్రామ్, అదే స్క్రిప్టు పెట్టుకుని మూడు రోజులు కుస్తీ పట్టారు. కంటికి కనిపించేది స్క్రిప్టుకు కనిపించదు! నాలుగో రోజు గోడ మీంచి కేకేశారు.

"అన్నా, రిజిస్ట్రీలో రెండు గదులుండాయి! కొత్త రకం ప్రోగ్రాములకొకటి, పాత రకానికొకటి. మనది పాతది. ఈయన కొత్త గదిలో యెతికి లేదంటా ఉండాడు!"

వెతికే దారిలో ఒక్క మాట చేర్చగానే స్క్రిప్టు "ఉంది" అంది.

వారం తిరక్కుండా మేనేజరే ఇంటికొచ్చాడు. తనిఖీ దగ్గరపడింది, స్క్రిప్టేమో ఇంకా లేదంటోంది.

"నన్ను దొంగన్న చోటే, ఆ ఆడోళ్ళ ముందరే, కాదని చెప్పండి సార్. అంతే సాలు" అన్నారు మాస్టారు.

"అట్లాగే" అన్నాడు మేనేజరు. దిద్దిన స్క్రిప్టు పట్టుకుపోయాడు. చెప్పలేదు.

"నీకు కోపం రాదా?" అని ఒకసారి అడిగాను.

"వస్తది అన్నా. బో వస్తది." అంతే అన్నారు. రెండేళ్ళు ఎదురుచూసి పోయారు.

పెద్దకర్మ నాడు మేనేజరు చామంతి దండతో మాస్టారింటి ముందు కారు దిగాడు. ఆ ఆడవాళ్ళు అప్పటికే లోపల కూర్చుని ఉన్నారు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏంది పెద్దాయనా?"

"ఆ మాట చెప్పు సార్."

"ఇప్పుడా? కర్మ జరిగే ఇంటి ముందరా?"

"మనిషి ఉన్నప్పుడు నీకు తీరిక లేకపోయె గదా."

నోట్లోనే ఏదో గొణిగాడు.

"వినబళ్ళా సార్, గట్టిగా!" అంది లోపలినుంచి ఒకామె.

"ప్రోగ్రామ్ ఉండింది. మాస్టారు తీయలేదు. తప్పు నాది."

దండ అందుకుని మాస్టారి ఫొటోకు నేనే వేశాను. గేటు మాత్రం తియ్యలేదు. వెనక్కి తిరిగి చూస్తే, అతను ఎండలో అక్కడే ఉన్నాడు, దండ ఇంకా పట్టుకున్నట్టే రెండు చేతులూ ముందుకు చాపి.