నాగరత్నం ముక్కుకి నలుచదరపు రాయి

పటాన్‌చెరు పక్క రామచంద్రాపురంలోని ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన సత్తిబాబుకి ఒక పిచ్చి ఉంది. చదరంగా ఉన్న వస్తువేది కనబడినా, అది నిజంగా చదరమో కాదో చూస్తేగాని నిద్రపట్టదు. కిటికీ చట్రాలు, కుర్చీపీటలు సరే, పెళ్లి విస్తట్లో మైసూర్‌పాక్ ముక్కని కూడా వేళ్లతో పట్టి చూసి, "ఇది రిజెక్టు" అని నోట్లో వేసుకునేవాడు. ఈ ఒక్కటీ తీసేస్తే బంగారంలాంటి మనిషి.

ఆ పిచ్చిని నెత్తిన పెట్టుకుని మోసింది భార్య నాగరత్నం. తణుకు పక్క పల్లె నుంచి పటాన్‌చెరులో కిరాయి గదికి ఆమె కాపురానికొచ్చిన కొత్తలో, అతను ఒక ఇత్తడి బిళ్ల తెచ్చి చేతిలో పెట్టాడు. అప్రెంటిసుగా ఉన్నప్పుడు ఆకురాయితో రుద్ది రుద్ది చేసిన చదరపు బిళ్ల అది. మూలమట్టం ఆనించి దీపానికి అడ్డంగా పట్టి, "చూడు, సందులోంచి వెలుతురు వస్తోందా?" అన్నాడు గొప్పగా. రాలేదు. ఆమె దాన్ని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. శుక్రవారం పూట ఇత్తడి కుందులతోపాటు దాన్నీ చింతపండుతో తోమి బొట్టు పెట్టేది.

"ఎప్పటికైనా ముక్కుకి వజ్రం పెట్టించుకుంటే ఇలా చదరంగా ఉన్నదే పెట్టించుకుంటానండీ. ఫిట్టరు పెళ్లాన్నని చూడగానే తెలియాలి" అనేది.

ఆ 'ఎప్పటికైనా' ఎప్పటికీ రాలేదు. కూతురు తేజస్విని చదువు, సొంత గూడు, కూతురి పెళ్లి అన్నీ అయ్యాయి. నాగరత్నం ముక్కుకి మాత్రం పుట్టింటివాళ్లు పెట్టిన ఎర్రరాయే ఉండిపోయింది. కిందటేడు ఆమె కడుపులో గడ్డ అని తేలింది. డాక్టరు సత్తిబాబుని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లి ఆమెకి ఇష్టమైనవి చేసిపెట్టమన్నాడు. మర్నాడు పొద్దున్నే సత్తిబాబు సంగారెడ్డి బస్సెక్కాడు. తేజస్విని పెళ్లికి నగలు కొన్న దుకాణానికే వెళ్లాడు.

అక్కడ రవళి అనే అమ్మాయి రాళ్లు చూపించింది. పాత ఖాతాదారని అతనికి ఓపిగ్గా అన్నీ చెప్పింది.

"గుండ్రటి రాయికి అంత భయం లేదు సార్. చదరపుదానికి మూలలే ప్రాణం. మూలల మచ్చ ఉన్నదనుకోండ్రి, గక్కడ్నే పగుల్తది. అందుకే నాలుగు మూలలకు బంగారం పట్టు ఉండాలె. గిట్ల పైనుంచి సూడుండ్రి, లోపట ఇంటూ గుర్తు కనిపిస్తున్నదా? అది సాఫ్‌గ ఉంటే మంచిగ కోసినట్టు."

సత్తిబాబు భూతద్దం కంటికి ఆనించి చూశాడు. నలుమూలల నుంచీ బయల్దేరిన గీతలు రాయి నడుమ కలుసుకుంటున్నాయి. మూలలు శుభ్రంగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

తణుకు వైపు వజ్రాన్ని చూడగానే కొనేయరు. మూడు రాత్రులు ఇంట్లో నిద్ర చేయిస్తారు. పసుపుగుడ్డలో కట్టి తలగడ కింద పెట్టుకోవాలి. నిద్ర బాగా పడితే రాయి అచ్చొచ్చినట్టు, పీడకలొస్తే తిరిగిచ్చేయాలి. తెలిసినవాళ్లు కనక దుకాణంవాళ్లు ఒప్పుకున్నారు.

నొప్పితో నెలల తరబడి మూలుగుతున్న నాగరత్నం ఆ రాత్రులు పసిపిల్లలా పడుకుంది. కలలో తణుకు కాలవలో ఈత కూడా కొట్టిందట. మూడో రాత్రి తెల్లారాక ఎర్రరాయి తీసేసి, వజ్రానికి చుక్క నూనె రాసి ముక్కుకి అంటించుకుని అద్దంలో చూసుకుంది. చిక్కిపోయిన ఆ ముఖంలోకి పెళ్లికూతురి సిగ్గు వచ్చింది.

"ఏవండీ, ఇదే. ఇంక వెతక్కండి."

అక్కడితో ఆగిపోతే ఎంత బావుండేది! సత్తిబాబు రాయిని ఎండలోకి తీసుకెళ్లి వెర్నియర్‌తో కొలిచాడు. ఒక పక్క వెంట్రుకవాసి పొడుగుంది.

"రత్నం, ఇది చదరం కాదే."

"నా ముక్కు మాత్రం చదరమా ఏంటి?" అని ఆమె నవ్వింది. అతను నవ్వకపోయేసరికి రాయిని ఇంకొక్కసారి అద్దంలో చూసుకుని, తీసి అతని చేతిలో పెట్టింది. "సరే, మీ ఇష్టం" అని ఎర్రరాయి మళ్లీ పెట్టుకుంది.

దుకాణంలో రవళి తల పట్టుకుంది. "జెర అటో ఇటో అన్ని రాళ్లకూ ఉంటది సార్. ముక్కుకు పెట్టినంక ఎవలు కొలుస్తరు?"

"నేను కొలుస్తానమ్మా" అన్నాడు సత్తిబాబు.

ఆ మాటకి చెవి మెలిపెట్టే పెద్దదిక్కు అతనికి లేకపోయింది. తర్వాత తెప్పించిన రాళ్లలో ఒకటి పొడుగన్నాడు, ఒకదాని మూల మొద్దన్నాడు. "నాన్నా, అమ్మకి నచ్చింది కదా, ఇంకేం కావాలి నీకు?" అని తేజస్విని ఫోనులో ఏడ్చింది కూడా. సత్తిబాబు మొండివాడని అందరూ అనుకున్నారు. అసలు సంగతి వేరు. ఉన్నదాంతో సరిపెట్టేస్తే ఇక టైము లేదని ఒప్పుకున్నట్టే. సరైన రాయి కోసం ఆగుతున్నంతకాలం, దాన్ని పెట్టుకునే మనిషీ ఆగుతుందని అతని నమ్మకం. పిచ్చి మారాజు, చావుకి కూడా ఇన్‌స్పెక్షన్ ఉంటుందనుకున్నాడు.

నాగరత్నం ఆగలేదు. ఒక మధ్యాహ్నం మజ్జిగ తాగి, కాస్త ఒరుగుతానని ఒరిగి, లేవలేదు. ఆడవాళ్లు ముఖానికి పసుపు రాసి రూపాయంత బొట్టు పెట్టి, పుణ్యస్త్రీగా వెళ్లిపోయిందని చెప్పుకున్నారు. పసుపు ముఖం మీద ఎర్రరాయిని చూసి సత్తిబాబు గుండె చెరువైంది.

దినాలు అయ్యాక రవళి నుంచి ఫోనొచ్చింది. పాపం ఆ పిల్లకేం తెలుసు! "సార్, మీరడిగినట్టే వచ్చింది, జల్దీ రాండ్రి" అంది.

వెళ్లాడు. అలవాటుగా చెయ్యి జేబులోని వెర్నియర్ మీదికి వెళ్లింది, కొలిచింది. నాలుగు పక్కలూ సమానం. అంత నిఖార్సైన చదరం అతను జీవితంలో చూసి ఉండడు.

"ఇది కాదమ్మా. మొదట తీసుకెళ్లి తిరిగిచ్చానే, ఆ వంకరది కావాలి."

"అది ఎప్పుడో పోయింది సార్. హత్నూర నుంచి ఒకామె వచ్చి తీస్కపోయింది."

"ముక్కుకేనా?"

"ముక్కుకే. అద్దంల సూస్కుంట కూసున్నది, ఎంతకూ లేస్తలేదు."

సత్తిబాబు అక్కడే, పదిమందిలో, ముఖం కప్పుకుని ఏడ్చాడు. అప్పుడు గానీ రవళికి విషయం తెలియలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి, తనూ కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చి దేవుడి గూటి ముందు కూర్చున్నాడు. ఇత్తడి బిళ్ల నల్లబడి ఉంది. తోమేవాళ్లు లేరు కదా. చేతిలోకి తీసుకుని మూలమట్టం ఆనించాడు. ఒకప్పుడు చుక్క వెలుతురు రాని సందులోంచి కిటికీ ఎండ ధారాళంగా వచ్చింది. నమ్మలేక వెర్నియర్ పెట్టాడు. మూలలు గుండ్రబడ్డాయి. ఒక పక్క బాగా అరిగిపోయింది. తను వెనక్కిచ్చిన వజ్రం ఎంతో నయం.

ఇది ఎవరు అరగదీశారని అతను ఆలోచించనక్కరలేకపోయింది. అరిగిన పక్కన ఒక బొటనవేలు పట్టేంత పల్లం ఉంది. శుక్రవారం శుక్రవారం ఆమె అక్కడే పట్టుకుని తోమేది. సత్తిబాబు లేచి వంటింట్లోకి వెళ్లి చింతపండు నానబెట్టాడు. బిళ్ల తోముదామని ఆ పల్లంలో తన బొటనవేలు పెట్టబోయాడు. పట్టలేదు.