పరుపుల లారీ ఎక్కిన కెప్టెన్

అతనికి కెప్టెన్ అన్న పేరు ఎవరూ గౌరవంతో పెట్టింది కాదు. బజారు మలుపులో అతనికి రెండు కుర్చీల సెలూన్ ఉంది. ఏళ్ళ తరబడి జనానికి జుట్టు కత్తిరిస్తూ, గడ్డాలు గీస్తూ, లోకంలోని సమస్త విషయాల మీదా తీర్పులు చెబుతూ వచ్చాడు. కుర్చీలో కూర్చున్నవాడి గొంతు మీద కత్తి ఉంటుంది కాబట్టి ఎదురు మాట్లాడే సాహసం ఎవరూ చేయలేదు. దాంతో తాను చెప్పేదంతా నిజమేనన్న నమ్మకం అతనికి తెలియకుండానే కుదిరిపోయింది.

సైకిల్ యాత్ర కూడా అలాగే నోట్లోంచి ఊడిపడింది. ఎవరో కుర్రాళ్ళు దారిలో గుడారాలు వేసుకుంటూ సైకిళ్ళ మీద దేశాలు తిరిగే వీడియో ఒకటి ఫోన్లో చూశాడు. మర్నాటి నుంచి వచ్చిన ప్రతి గడ్డానికీ అదే కబురు.

"సముద్రం దాకా సైకిల్ మీదే పోతున్నామండీ. రాత్రిళ్ళు గుడారంలోనే పడక. హోటళ్ళూ గీటళ్ళూ లేవు."

"ఎప్పుడేంటి?"

"ఇదిగో, వానలు తగ్గగానే."

వానలు ఇప్పట్లో తగ్గవని అతని ధీమా. ఆ ఏడు అవి తొందరగా తగ్గి ఊరుకున్నాయి.

ఆ "పోతున్నాం"లో తామూ ఉన్నామన్న సంగతి అతని చిన్ననాటి స్నేహితులకు నున్నగా గీయించుకుని వెళ్ళినవాళ్ళ ద్వారా తెలిసింది. ఒకడు పక్క కొట్టు దర్జీ, రెండోవాడు ప్లంబరు. ఇద్దరూ వచ్చి సెలూన్ బెంచీ మీద కూర్చున్నారు.

"ఏరా, ఎప్పుడు బయల్దేరుతున్నాం?" అన్నాడు దర్జీ.

"మీకెందుకురా ఈ వయసులో శ్రమ..."

"నేను కొత్తింటి పైపుల పని వాయిదా కూడా వేసుకున్నాను," అన్నాడు ప్లంబరు. "దారి చూపించడానికి కెప్టెనువి నువ్వున్నావుగా!"

పేరు అలా అంటుకుంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

గుడారం కొనుక్కొచ్చి పడగ్గదిలో రిహార్సల్ వేశాడు. ఒక తాడు బీరువా పిడికి, ఒకటి కిటికీ ఊచకి, ఇంకొకటి మంచం కోడుకి కట్టాడు. గుడారం దర్జాగా నిలబడింది. లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుని టీ తెమ్మని కేకేశాడు. భార్య గుమ్మంలోకి వచ్చి చూసింది.

"నా చీర బీరువాలో ఉంది. తలుపు ఎలా తీయను?"

"సాహసయాత్రలు చేసేవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి ప్రశ్నలు అడగరే."

"వాళ్ళ ఇళ్ళల్లో బీరువాలు ఉండవేమో," అంటూ ఆవిడ తలుపు లాగింది. గుడారం కెప్టెన్ నెత్తిన కూలింది.

బయల్దేరిన రోజు ఊరు దాటే వరకు అతనే ముందున్నాడు. చూసేవాళ్ళున్నారు మరి. మొదటి ఎత్తు రాగానే సైకిల్ దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, "అటు చూడండిరా, ఎంత అందంగా ఉందో! తొక్కుకుంటూ పోతే ఇవన్నీ ఎక్కడ కనిపిస్తాయి?" అన్నాడు. స్నేహితులు అటు చూశారు. అక్కడున్నది కంకర క్వారీ. మధ్యాహ్నానికి ఇటుక బట్టీలు, సాయంత్రానికి కరెంటు సబ్‌స్టేషన్ కూడా అందంగా కనిపించసాగాయి. సీటు మీద కూర్చుంటే ఒక బాధ, దిగితే ఇంకో బాధ. మధ్యేమార్గంగా పెడళ్ళ మీద నిలబడి కొంత దూరం పోయాడు గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

పొద్దు వాలేటప్పటికి ఒక రైతును అడిగి ఖాళీ చేలో ఆగారు. కెప్టెన్ గుడారం పరిచి, తాడు కొస పట్టుకుని చుట్టూ చూశాడు. బీరువా లేదు. కిటికీ లేదు. కనుచూపు మేరలో మంచం కోడు లేదు.

"మేకులేవిరా?" అన్నాడు ప్లంబరు. "నేలలో దిగ్గొట్టేవి. గుడారంతోనే ఇస్తారుగా!"

ఇచ్చారు. అవి దేనికో అర్థం కాక అతను వాటిని ఇంట్లో బీరువా మీద పెట్టి వచ్చాడు. చివరికి తాళ్ళను మూడు సైకిళ్ళకు కట్టారు. బ్రెడ్డూ ఉడకబెట్టిన గుడ్లూ తింటూ ఉండగానే గాలి లేచింది. సైకిళ్ళూ గుడారమూ కలిసికట్టుగా పడిపోయాయి. ఆ గుడ్డనే దుప్పటిలా కప్పుకుని ముగ్గురూ వరసగా పడుకున్నారు.

తెల్లారాక ఘాట్ రోడ్డు మొదలైంది. కొండను మొదలు నుంచి చివర దాకా ఒకసారి చూసి, కెప్టెన్ కిందికి వంగాడు.

"చైను పట్టేసిందిరా. మీరు పోతూ ఉండండి, నేను బాగు చేసుకుని వెనకాలే వస్తాను."

చైనుకు ఏ రోగమూ లేదు. స్నేహితులు మలుపు తిరగగానే అతను రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు. పరుపుల లోడుతో వస్తున్న లారీ ఆగింది.

"కొండ మీద దింపేస్తే చాలు బాబూ. దారిలో సైకిళ్ళ మీద ఇద్దరు కనిపిస్తారు. వాళ్ళ దగ్గర మాత్రం ఆపకు."

డ్రైవరు అదోలా చూసి సరేనన్నాడు. కొండ మీదికి ముందే చేరి, రాతి మీద కూర్చుని, "ఇంతసేపా రావడం?" అని వాళ్ళను అడగాలని కెప్టెన్ పథకం. సైకిల్ పక్కన పెట్టుకుని పరుపుల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇంట్లో పరుపు కూడా అంత మెత్తగా ఉండదు. రెండు మలుపులు తిరిగేసరికి గుర్రు పెట్టాడు.

ఎవరో అరికాలు గోకడంతో మెలకువ వచ్చింది. లారీ కదలడం లేదు. పరుపుల అంచు మీదుగా చెమటతో తడిసిన రెండు మొహాలు కనిపించాయి.

"కెప్టెన్ గారూ, సముద్రం కనిపిస్తోందా?" అన్నాడు దర్జీ.

"మీ దగ్గర ఆపొద్దని ఈయన మరీ మరీ చెప్పాడండీ," అన్నాడు డ్రైవరు కింద నుంచి. "టైరుకి ఆ సంగతి తెలీదు కదా, పేలిపోయింది."

కెప్టెన్ "చైను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కిందికి దిగి రోడ్డు వార కూర్చున్నాడు. చెవులు మండిపోయాయి.

"నా వల్ల కాలేదురా," అన్నాడు చివరికి.

దర్జీ "అమ్మయ్య!" అంటూ పక్కన చతికిలబడి బూట్లు విప్పేశాడు. "నిన్న మధ్యాహ్నం నుంచీ ఈ మాట కోసమే చూస్తున్నాం."

"మరి మీరే చెప్పొచ్చుగా?"

"బజారంతా చాటి వచ్చావు. మేం ఆగిపోతే నీ పరువు పోదూ?"

"మీరు ఆగట్లేదని నేనూ..."

"నువ్వు ఆగట్లేదని మేమూ..."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్లంబరు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. డ్రైవరు స్పానరు పట్టుకుని, వీళ్ళకు మతి పోయిందా అన్నట్టు చూశాడు.

టైరు మార్చడానికి చెయ్యి సాయం చేసి, ముగ్గురూ పరుపులెక్కారు. సైకిళ్ళను గుడారం తాళ్ళతో కట్టేశారు. ఆ యాత్రలో తాళ్ళు పనికొచ్చింది అప్పుడే. కొండ నెత్తిన దిగి, డ్రైవరుకి దండం పెట్టి, మళ్ళీ సైకిళ్ళెక్కారు.

అక్కణ్ణుంచి అంతా పల్లమే. కెప్టెన్ కాళ్ళు కదపలేదు. చొక్కా వీపు వెనక బుంగలా ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే అని తర్వాత అన్నాడు. ఒక మలుపులో దూరంగా నీలం గీత కనిపించగానే, ఎవరి గొంతో తెలియని కేక ఒకటి అతని నోట్లోంచి వచ్చింది. వెనక ఇద్దరూ అందుకున్నారు. సెలూన్‌లో ఇన్నాళ్ళు తాను వర్ణించిన యాత్రలో ఈ కేక లేదు. దీన్ని ఊహించడం అతనికి చేతకాలేదు.

సముద్రం ఒడ్డున ఇసకలో కూలబడి భార్యకు ఫోన్ చేశాడు.

"చేరాం."

"తొక్కుకుంటూనే?"

అలవాటు ప్రకారం నోరు అబద్ధానికి సిద్ధమైంది. కానీ ఎదురుగా దర్జీ, ప్లంబరు ప్యాంట్లు మడుచుకుని నీళ్ళలో నిలబడి ఇటే చూస్తున్నారు.

"సగం," అన్నాడు.

"నయమే. నేను పావు అనుకున్నాను."

తిరుగు ప్రయాణం రైల్లో జరిగింది. ఇప్పటికీ ముగ్గురూ ఏటా పోతూనే ఉన్నారు. ఎత్తుకి లారీ, పల్లానికి సైకిలు. పోయినేడు కెప్టెన్ భార్య కూడా బయల్దేరింది. లారీ ఎక్కమంటే ఎక్కలేదు. మధ్య మధ్య ఆగుతూ, మంచినీళ్ళు తాగుతూ కొండంతా తొక్కుకుంటూనే ఎక్కింది. వీళ్ళకు ఆ రోజు లారీ దొరకడం ఆలస్యమైంది. వీళ్ళు పైకి చేరేసరికి ఆవిడ రాతి మీద కూర్చుని అరటిపండు తింటోంది.

"ఇంతసేపా రావడం?" అంది.