రెండు మూరలు తక్కువ

మంగవ్వకు కుళ్లు. దాచడమెందుకు, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద పూలమ్మే ఆమె పక్కన ఐదు నిమిషాలు కూర్చుంటే మీకే తెలుస్తుంది. ఆ కుళ్లు ఒకరి నగల మీదా మేడల మీదా కాదు. పంజాగుట్ట వెనక కాలనీ పార్కు మూలనున్న సైనికుడి విగ్రహం మీద.

ఆ విగ్రహం లచ్చమ్మ కొడుకు సాయికిరణ్‌ది. సరిహద్దులో తూటా తగిలి పోయాడు. మంగవ్వ కొడుకు విక్రమ్‌ది కూడా అదే బడి, అదే బెంచీ. ఇద్దరూ ఒకే ఏడు సైన్యంలో చేరారు. కాకపోతే విక్రమ్ కొండదారిలో మిలటరీ లారీ లోయలో పడి పోయాడు. విగ్రహం కింద రాతి మీద కొడుకు పేరైనా చెక్కించమని మంగవ్వ మూడేళ్లుగా కాలనీ పెద్దల చుట్టూ తిరుగుతోంది.

"యుద్ధంల పోయినోళ్లకే గదమ్మా," అన్నారు వాళ్లు.

"మరి మావోడు లారీల కూసోని పెండ్లికి పోతుండెనా?" అని మంగవ్వ అడగని మనిషి లేడు.

పైగా ఏటా సాయికిరణ్ వర్ధంతికి ఆ విగ్రహానికి దండ గుచ్చేది ఈమే. కడుపు మండదా మరి?

ఈసారి ఆ మంట చేతుల్లోకి దిగింది. ఎప్పుడూ మోచేత్తో కొలిచి నాలుగు మూరలు గుచ్చేది, రెండే గుచ్చింది. మిగిలిన చామంతులతో ఇంట్లో విక్రమ్ ఫొటోకు ఒత్తుగా మరో రెండు మూరలు గుచ్చి బుట్ట అడుగున పెట్టుకుంది.

వర్ధంతి నాడు పార్కులో అందరి ముందూ లచ్చమ్మ స్టూలెక్కి దండ వేయబోతే అది రాతి టోపీ దగ్గరే ఆగిపోయింది. లాగినా దిగలేదు. జనం గుసగుసలాడారు. మంగవ్వకు లోపల చల్లగానే అనిపించింది, అబద్ధమెందుకు.

లచ్చమ్మ దండ తీసుకుని దిగి, నేరుగా వచ్చి మంగవ్వ పక్కన గట్టు మీద కూలబడింది.

"కావాల్నని చేసినవ్ గదా వదినె?"

"అవ్," అంది మంగవ్వ.

"నాకు సుత నీ మీద కుళ్లే. నువ్వు నీ కొడుకు మొఖం జూసి సాగనంపినవ్. మాకు పెట్టె తెరవద్దన్నరు. గీ బొమ్మ ముక్కు సుత మావోనిది గాదు. ఏటా ఎవన్నో జూసి ఏడుస్తున్న."

మంగవ్వకు ఆఖరిసారి విక్రమ్ నుదురు తడిమినప్పుడు, కనుబొమ్మ మీది చిన్ననాటి గాటు వేలికి తగలడం గుర్తొచ్చింది. బుట్ట అడుగు నుంచి రెండో దండ తీసింది. రెండింటి ముడులూ విప్పి, ఒక్కటిగా కలిపి కట్టి లచ్చమ్మ చేతికిచ్చింది. ఈసారి దండ టోపీ దాటి భుజాల మీద పడింది.

ఇంటికి రాగానే భర్త బుచ్చయ్య బోసిగా ఉన్న ఫొటో చూపించాడు.

"పిలగాని దండేదే?"

"దోస్తు మెడల ఉన్నది," అంది మంగవ్వ చెప్పులు విప్పుతూ.