సత్తయ్య అడిగిన అంకె

2010లో నన్ను మెదక్ పట్టణంలోని ఒక దవాఖానాకు మానసిక వైద్యుడిగా వేశారు. ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు, ధర్నాలు జోరుగా సాగుతున్న కాలం. వారానికి మూడు రోజులు ఓపీ ఉండేది.

హవేలిఘనపూర్ నుంచి సత్తయ్య వచ్చేవాడు. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మొదట్లో అతనికి గోడల్లోంచి మాటలు వినపడేవి. మందులతో తగ్గాయి. తగ్గగానే మందు మానేశాడు. అతని భార్య అనసూయ వచ్చి ఏడిస్తే, రంగూ రుచీ లేని చుక్కల మందు రాసిచ్చి, అతనికి తెలియకుండా పప్పులో కలిపి పెట్టమన్నాను. అప్పట్లో మాలో చాలామంది అదే చేసేవాళ్లం. అందులో తప్పుందని నాకు తోచనైనా లేదు.

ఆ రోజుల్లోనే మా వృత్తిలోకి ఒక కొత్త పద్ధతి వస్తోంది. రోగి నమ్మకాన్ని తప్పని కొట్టిపారేయకుండా, దానికి తను ఎలా వచ్చాడో తననే పరిశీలించుకోమంటాం. ఒక బొమ్మను ముక్కముక్కగా చూపిస్తూ అదేమిటో చెప్పమంటాం. తొందరపడి తేల్చేయడం ఎంత సులువో వాళ్లకే తెలిసొస్తుంది. తర్వాత ఒక్కొక్కరూ తమ నమ్మకానికి వందకు ఇంత అని అంకె వేసుకోవాలి, సాక్ష్యాలు చెప్పాలి, మళ్లీ అంకె వేయాలి. ఆ పద్ధతితో పాటు వచ్చిన విదేశీ కార్డుల్లోని బొమ్మలు మనవాళ్లకు అందవని నేనే దగ్గర కూర్చుని ఎడ్లబండి, బోరు మోటారు గీయించాను. ఆ పద్ధతి మీద నాకు అంత మోజు.

మొదటి గ్రూపులో ఆరుగురు. చూడటానికి హైదరాబాదు నుంచి మా పెద్ద డాక్టరుగారు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. సత్తయ్య వంతు వచ్చింది.

"నా పెండ్లాం బువ్వల ఏమో కలుపుతుంది సార్. తొంభై," అన్నాడు.

సాక్ష్యమేమిటని అడిగాను.

"హోటల్ల తిన్ననాడు చేతులు మంచిగనే ఉంటయి. మొన్న బందుకు హోటళ్లన్ని మూసిండ్రు, రెండు దినాలు ఇంట్లనే తిన్న. చేతులు బిగుసుకపోయి వైరు సుట్టరాలే."

నేను నేర్పాలనుకున్నదంతా అతను అప్పటికే చేశాడు. చేతులు బిగుసుకుపోయేలా చేసే ఆ చుక్కల మందు సంగతి నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తు రాలేదని రాసుకుంటే ఇప్పుడు నాకు సుఖంగా ఉండేది. కానీ వచ్చింది. వెనక పెద్దాయన నోట్సు రాసుకుంటున్నారు. నేను పాఠం ఆపలేదు. చేతులు బిగియడానికి వేరే కారణాలు ఉండొచ్చు కదా అంటూ బోర్డు మీద రాశాను: నిద్రలేమి, పని ఎక్కువ కావడం, ఆందోళన. మిగతా ఐదుగురూ తలలూపారు. సత్తయ్య బోర్డు మీద రాసినవి ఒక్కొక్కటే చదివాడు.

"మీరు జెప్తున్నరంటే గంతే గావొచ్చు సార్. నలభై," అన్నాడు.

కేస్ షీట్‌లో 'మెరుగు' అని రాశాను. పెద్దాయన భుజం తట్టారు. సిగ్గులేకుండా ఆ పూట కడుపునిండా తిన్నాను.

నెల తిరక్కుండానే సత్తయ్య ఓపీకి ఒంటరిగా వచ్చాడు. బియ్యం డబ్బాలో దొరికిందంటూ చుక్కల సీసాను, దానికి చుట్టి ఉన్న చీటీని నా బల్ల మీద పెట్టాడు. చీటీ మీద రాత నాదే. అతను అరవలేదు.

"సాక్ష్యం అడిగిండ్రు గద సార్, తెచ్చిన. గా దినం నాతోని నలభై అనిపిస్తిరి. మీ అంకె ఎంతుండె?"

వంద అన్నాను.

సత్తయ్య మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఇంకో డాక్టరు దగ్గర తక్కువ మోతాదులో, తెలిసే మందు వేసుకుంటున్నాడని అనసూయ వచ్చి చెప్పింది. ఆమె వండింది మాత్రం ముట్టడం లేదట, తన బువ్వ తనే వండుకుంటున్నాడట. కలపమన్నది నేను, నింద మోస్తున్నది ఆమె. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా దొంగచాటు మందు ఎవరికీ రాయలేదు. ఏ రోగి నమ్మకాన్నయినా బోర్డు మీదికి ఎక్కించే ముందు, దాని గురించి నాకు తెలిసిందేమైనా ఉంటే ముందుగా నేనే చెప్పేవాణ్ణి. తన ఆలోచనను తను పరీక్షించుకోవడం సత్తయ్యకు నేను నేర్పకముందే వచ్చు. ఆ గదిలో అది రానివాణ్ణి నేనే.