తల లేని కొరమీను

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఓవెన్ ఉంటే ఆడదాని సాయంత్రాలు బాగుపడతాయని ఒకటి, ఫోన్లో వీడియో చూస్తే ఏ వంటైనా వచ్చేస్తుందని రెండోది. పెళ్ళై జగ్గయ్యపేట వచ్చిన కొత్త. నందిగామలో ఒక స్కూల్లో టీచరుని. బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడేది. పగటి వంట అత్తగారిది, రాత్రి వంట నాది. చేపల పులుసు పెట్టిన రోజైతే చింతపండు నానేసరికే అందరికీ ఆకలి చచ్చేది. అత్తగారు ఓపిక పట్టి పట్టి ఒకరోజు తేల్చేశారు. "అమ్మాయ్, ఈ నెలాఖరు దాకా చూస్తా. మీ మావయ్య షుగరు మనిషి, ఎనిమిదింటికల్లా తినాలి. నీవల్ల కాకపోతే ఆ ఉద్యోగం మానెయ్యి." మా ఆయన దీక్షగా పేపరు చదువుకుంటున్నాడు. (పొద్దుటి పేపరు, పొద్దున్నే చదివేసిందే.)

పెళ్ళికి స్నేహితులిచ్చిన ఓవెన్ని అటక మీంచి దింపించాను. వీడియోలో ఎవరో తెల్ల చేపకి ఆకుల పొడి పట్టించి చిటికెలో కాల్చేస్తున్నారు. తెల్ల చేపంటే మనకి కొరమీనే కదా! మర్నాడు బస్సు దిగుతూనే మార్కెట్టుకెళ్ళి, తలా ముల్లూ తీసేసి కండ మటుకే ఇమ్మన్నాను. చేపలామె నన్ను ఎగాదిగా చూసింది. "తల వద్దా అమ్మా? ఇంట్లో పెద్దోళ్ళెవరూ లేరా?" "ఉన్నారు, వాళ్ళ కోసమే" అన్నాను గర్వంగా. ఎండిన బ్రెడ్డు పొడిలో కొత్తిమీర, పుదీనా, వెల్లుల్లి, మిరియాలు, కాస్త నూనె కలిపి, ముక్కల మీద మందంగా అద్ది ఓవెన్లో పెట్టాను. ఎనిమిది కాకముందే నాలుగు కంచాల్లో నాలుగు ముక్కలు పడ్డాయి.

మావయ్యగారు కంచంలోకి చూశారు, లేచి వెళ్ళి ఓవెన్లోకి తొంగి చూశారు. "తలేదమ్మా?"

చేపతల ఇంటి పెద్దకే చెందాలట. మా పుట్టింట్లో దాన్నెవరూ ముట్టరు. ఇక్కడ వండేది నేనైనా వడ్డించేది అత్తగారు, ఏ ముక్క ఎవరికి వెళ్తోందో నేనెప్పుడూ గమనించలేదు. "మార్కెట్లోనే వదిలేశానండి" అన్నాను. "తల లేకుండా చేపేంటమ్మా!" అని ఆయన నిట్టూర్చి గోంగూర పచ్చడి వేయించుకున్నారు. ఇక నందిగామ బస్సు ఎక్కేది లేదనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

అత్తగారు మటుకు తింటున్నారు. ఉన్నట్టుండి, "అందరికీ ఒకటే ముక్కా?" అన్నారు.

"అవునండి."

"ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించీ తోకలే తిన్నానమ్మాయ్. తల ఆయనకి, నడిమి ముక్కలు పిల్లలకి. కొరమీను కండ ఇంత మెత్తగా ఉంటదని నాకేం తెల్సు!" తర్వాత మావయ్యగారి వైపు తిరిగి, "ఆదివారం మీకు తల పులుసు నేను పెడతా. మామూలు రోజుల్లో పిల్ల చేసిందే తిందాం" అన్నారు. మా ఆయన కూడా అప్పుడే ధైర్యం తెచ్చుకుని "బావుంది" అన్నాడు.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆ చేప గురించి ఉపన్యాసమే ఇచ్చాను. కరకరలాడే ఆ పచ్చటి పొరే నా ఉద్యోగం నిలబెట్టిందని అందరికీ చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పటి ఆ కొత్తకోడలు పిల్ల పక్కన కూర్చుని, అంత గొప్పలు పోకమ్మా, అంచులు మాడిపోయాయి కూడా, అని చెప్పాలనిపిస్తుంది. అత్తగారు ఆ మాడు కూడా వదలకుండా తిన్నారు.