నాలుగో ప్రశ్న

లారీ మమ్మల్ని గేలిక్ ఫుట్‌బాల్ మైదానం పక్కనున్న హాలు ముందు దించేసరికి మధ్యాహ్నం మూడు. డిసెంబరు. వాన ఆగింది, గాలి ఆగలేదు. మైదానంలో గోల్ స్తంభాలు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. వాటికవతల షానన్ నది ఉండాలి. అది ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. పొలం, రోడ్డు, నది అన్నీ కలిసి ఒకే బూడిదరంగు పలకలా ఉన్నాయి.

మేం పదిమందిమి. ఐరిష్ సైన్యంలో ఒక సెక్షన్. ఉత్తర్వు చిన్నది. ఇసుక బస్తాలతో గట్టు వెయ్యాలి. మనుషుల్నీ మందుల్నీ పడవలో చేరవెయ్యాలి. నీరు తీసేదాకా ఉండాలి. బస హాల్లో, బస్తాలు బయట.

మా తెలుగు సంఘంలో పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, "అంకుల్, డిడ్ యూ షూట్ ఎనీవన్?" అని. లేదు నాన్నా. సైన్యంలో ఉన్నన్నాళ్లూ నేను పేల్చినవి జోకులే. అవీ సగం పేలలేదు.

మా కార్పొరల్ డోనెగాల్ జిల్లా మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం గంభీరం. ఆమె ఇంగ్లీషును ఇక్కడ నా గుంటూరు తెలుగులోకి దింపుతున్నాను. తెలిస్తే ఆమె నన్ను గట్టు మీంచి దింపేది. పడవ ఇంజను నడిపేది ఒక జాలరి కొడుకు. అతన్ని పడవవాడు అనే పిలిచేవాళ్లం. పడవ ముందు భాగంలో కూర్చుని గెడ పట్టుకుని, నీళ్ల కింద ఏముందో తడిమి చెప్పేవాడు ఇంకొకడు. ముందువాడు అందాం. భోజనం దగ్గరా, మాట దగ్గరా, స్నానాల వరసలోనూ అతను వెనకవాడు. ఏమడిగినా "గ్రాండ్" అనేవాడు. అంటే బాగానే ఉంది అని. చలిగా ఉందా? గ్రాండ్. తిన్నావా? గ్రాండ్. కాలు తెగి రక్తం కారుతున్నా గ్రాండే.

నాది రేడియో. అప్పుడప్పుడూ ముందువాడి వంతు కూడా నేను తీసుకునేవాణ్ని.

నా పేరు పలకలేక వాళ్లు నన్ను మోషే అనేవారు. మా నాన్న ఇక్కడి తెలుగు చర్చికి సంఘపెద్ద అనీ, నాకు బైబిల్ కథలు వచ్చనీ శిక్షణ రోజుల్లోనే బయటపడింది. బైబిల్లో సముద్రాన్ని చీల్చినవాడు మోషే. వరద డ్యూటీలో మోషే ఉంటే ఇక చెప్పాలా. "నీళ్లు చీల్చవోయ్" అని మా సెక్షన్ వైద్యసహాయకుడు రోజూ అడిగేవాడు. "చీల్చడం రాదు, బస్తాలు చించడం వచ్చు" అనేవాణ్ని. నేను మోసిన ప్రతి నాలుగో బస్తా నిజంగానే చినిగేది.

రెండో రోజు సాయంత్రం కెటిల్ చుట్టూ కూర్చున్నాం. తడి సాక్సులు రేడియేటర్ మీద ఆరుతున్నాయి. కార్పొరల్ అడిగింది.

"మోషే, మీ బైబిల్లోవాళ్లకి సైన్యం ఉండేదా? రాజులు రాకముందు?"

ఉండేది, కానీ జీతాల సైన్యం కాదు. పన్నెండు గోత్రాలు, గోత్రానికో పెద్ద. అసలు మోషే ఒక్కడే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తగవులు తీర్చడం చూసి వాళ్ల మామ అన్నాడు: ఇలాగైతే నలిగిపోతావు, వెయ్యిమందికొకణ్ని, వందమందికొకణ్ని, యాభైమందికొకణ్ని, పదిమందికొకణ్ని పెట్టుకో అని. పెట్టుకున్నాడు.

"పదిమందికి ఒకడు," అంది కార్పొరల్. "అంటే నేనన్నమాట. మూడు వేల ఏళ్లయినా ప్రమోషన్ రాలేదు."

యుద్ధం వస్తే ఆ పెద్దలు జనాన్ని నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలని ధర్మశాస్త్రంలో ఉంది. అదీ చెప్పాను. కొత్త ఇల్లు కట్టుకుని ఇంకా గృహప్రవేశం చెయ్యనివాడు ఉన్నాడా? ఇంటికి వెళ్లిపోవాలి. లేకపోతే అతను చనిపోయి ఇంకొకడు ఆ ఇంట్లో చేరతాడు. ద్రాక్షతోట వేసి పండు తిననివాడు? వెళ్లాలి. పెళ్లి నిశ్చయమై భార్యను ఇంటికి తెచ్చుకోనివాడు? వెళ్లాలి. ఆఖరుది: భయపడేవాడు ఉన్నాడా? అతనూ వెళ్లాలి, తన భయం పక్కవాడికి అంటకుండా.

"ఎందుకా వరస?" అంది కార్పొరల్.

ఈ ప్రశ్న సండే స్కూల్లో ఎవరూ అడగలేదు.

ఆమె కప్పులో మిగిలిన టీ తాగేసింది. "భయం ఆఖర్న పెట్టారు చూడు. అప్పటికే ఇల్లున్నవాడూ తోటున్నవాడూ పెళ్లికొడుకూ గుంపుగా నడిచి వెళ్తుంటారు. భయపడ్డవాడు వాళ్ల వెనకాలే నడిచి వెళ్లిపోవచ్చు. ఇల్లు కట్టాడేమోలే అనుకుంటారు. తెలివైనవాళ్లు మీ పెద్దలు."

మా నాన్న ముప్పై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్నాడు. ఈ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

మర్నాటి నుంచి అది మా సెక్షన్ ఆచారమైంది. పడవ కదిలే ముందు ఆమె గట్టు మీద నిలబడి నాలుగు ప్రశ్నలూ అడిగేది. మొదటిదానికి నేను చెయ్యెత్తేవాణ్ని. ఎత్తక తప్పదు. నాకూ నా భార్యకూ లీక్స్‌లిప్‌లో ఇల్లు దొరికి, తాళాలు చేతికొచ్చిన వారమే ఈ డ్యూటీ పడింది. సంఘమంతా వచ్చి ప్రార్థన చెయ్యకుండా ఆ ఇంట్లో పడుకోకూడదని మా అమ్మ పట్టు. నా భార్య ఇంకా పాత అద్దె గదిలోనే ఉంది. కొత్తింట్లో ప్రెస్సులు, అంటే అల్మారాలు, కూడా ఖాళీ.

"ఇంటికి పో మోషే," అనేది కార్పొరల్.

"సరే మేడమ్."

"ఎక్కు పడవ."

రెండో ప్రశ్నకి వైద్యసహాయకుడు, తన బాల్కనీలో టమాటా మొక్క ఉందనేవాడు. మూడోదానికి పడవవాడు సిగ్గుపడేవాడు, అంతే. నాలుగోదానికి అందరూ కలిసి పెద్దగా "లేదు!" అనేవాళ్లు. ముందువాడికి ఇల్లు లేదు. డబ్లిన్‌లో అద్దెకో గది. "కాళ్లు చాపితే తలుపు తెరుచుకోదు," అని ఒకసారి చెప్పాడు. తోటా లేదు, పిల్లా లేదు. నాలుగు ప్రశ్నలకూ అతను గెడ చుట్టూ తాడు చుట్టుకుంటూ కూర్చునేవాడు.

ఆ వారం నీరు రోజూ కొంచెం పెరిగింది. ఇక్కడి వరద ఉరకదు. మెట్టు మీదికి వచ్చి మర్యాదగా నిలబడుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం గార్డుల నుంచి, అంటే ఇక్కడి పోలీసుల నుంచి, కబురు. సందు చివర ఒంటరి ఇల్లు. అందులో ముసలి రైతు, ఆక్సిజన్ మిషను మీద ఉన్నాడు. ముందు రెండుసార్లు రమ్మంటే రాలేదు. ఇప్పుడు కరెంటు పోయింది. మిషను బ్యాటరీ మీద నడుస్తోంది. ఆయన్ని చూసుకోవడానికి ఒక కేరర్ ఉంది, భారతీయురాలు. నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది.

ఆ పూట ముందువాడి వంతు నాది. లైఫ్ జాకెట్ వేసుకుని గట్టు మీదికి వచ్చాను. కార్పొరల్ ప్రశ్న అడిగింది. చెయ్యెత్తాను.

ఆమె నవ్వలేదు.

"వెనక్కి వెళ్లు. రేడియో దగ్గర కూర్చో. ఆ ఇంట్లో ఉన్నది మీ మనిషిలా ఉంది, ఫోన్లో నువ్వు మాట్లాడు."

నా భాష కోసం ఆపిందో, నా ఇంటి కోసం ఆపిందో నేను అడగలేదు. జాకెట్ విప్పాను. తర్వాత ఆమె మిగతా ప్రశ్నలు కూడా అడిగింది, అలవాటు కొద్దీ. నాలుగోది అడిగినప్పుడు అందరం "లేదు!" అన్నాం. ముందువాడు నా చేతిలోంచి గెడ తీసుకున్నాడు.

"సరేనా?" అన్నాను.

"గ్రాండ్," అన్నాడు.

పడవలో ముగ్గురు. పడవవాడు, ముందువాడు, కార్పొరల్. మనిషిని పంపి తాను ఒడ్డున ఉండే రకం కాదామె.

నేను ఫోన్ చేశాను. నంబరు గార్డులిచ్చారు. అవతల ఇంగ్లీషు వినగానే నాకు అర్థమైంది.

"ఆంటీ, తెలుగువాళ్లా?"

"ఎవరు బాబూ? ప్రభువుకు స్తోత్రం! మాది అమలాపురం దగ్గరండి."

"వందనాలు ఆంటీ. పడవ వస్తోంది. తాతగారిని సిద్ధం చెయ్యండి."

"ఆయన్ని మంచమ్మీంచి బల్లమీదికి ఎత్తేనండి. నీళ్లు గడప దాటేసినయ్. గోదారి చూసినదాన్ని బాబూ, గోదారైతే అరుస్తాదండి, ఇదిగో వత్తన్నానని. దీనికి చప్పుడే లేదు. అదే భయం నాకు."

"మిషను నడుస్తోందా?"

"ఎర్ర లైటు ఎలిగిందండి. బేగి రమ్మను."

మూడు నలభైకి రేడియోలో కార్పొరల్: "ఇల్లు చేరాం. ఓవర్."

నాలుగు దాటాక: "ఇద్దర్నీ ఎక్కించుకున్నాం. చేతి సిలిండర్ పెట్టాం. బయల్దేరాం. ఓవర్."

సందుకు రెండు పక్కలా కంచెలు. పైకి ముళ్లపొదల తలలు మాత్రమే కనిపిస్తాయి, వాటి మధ్యే దారి. మలుపు దగ్గర పొలం గేటు ఉంది, నీళ్ల కింద. పక్క కాలవ నీరు అక్కడ గుంజుతోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. పడవ గేటు స్తంభానికి తగిలి ఆగింది. ముందువాడు లేచి గెడతో నెట్టాడు. పడవ ఊడి ఒక్కసారిగా కదిలింది. గెడ అక్కడే ఉండిపోయింది. అతనూ ఉండిపోయాడు. జాకెట్ ఉబ్బింది. కానీ కింద కంచె ముళ్లతీగ అతని కాళ్లకు చుట్టుకుంది.

నేను విన్నది ఇంతే.

"మనిషి నీళ్లలో. ముందువాడు నీళ్లలో. ఓవర్."

మళ్లీ చెప్పమన్నాను. సరిగా వినపడకపోతే అలా అడగాలి, అది రేడియో నియమం. నాకు సరిగానే వినపడింది.

వాళ్లు అక్కడే తిరిగారు. ఎంతసేపో నా లాగ్‌లో ఉంది, ఇక్కడ రాయను. పడవవాడు రెండుసార్లు దిగాడు. పడవలో సిలిండర్ అయిపోవస్తోంది. ముసలాయన పెదాలు నీలమయ్యాయి. పదిమందిమీద అధిపతి లెక్క వెయ్యాల్సి వచ్చింది. వేసింది.

"ఒడ్డుకు వస్తున్నాం," అంది. ఓవర్ అనలేదు.

ఇద్దర్నీ దించి, గార్డుల పడవలో ఆమె మళ్లీ వెళ్లింది. చీకట్లో గజ ఈతగాళ్లను దింపడం కుదరలేదు. తెల్లవారాక దింపారు. దొరికాడు. తీగ కత్తిరించి తీసుకొచ్చారు.

ఆ ఉదయం హాల్లో మమ్మల్ని నిలబెట్టి వరసగా అంకెలు చెప్పించింది. తొమ్మిది దగ్గర ఆగింది. అందరూ వెళ్లాక నా పక్కన బెంచీ మీద కూర్చుంది. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"మోషే, మీ పుస్తకంలో లెక్క తగ్గితే పెద్ద ఏం చెయ్యాలని ఉంది?"

అధిపతులు యుద్ధం నుంచి వచ్చి, లెక్క చూశాం, ఒక్కడూ తక్కువ కాలేదు అని చెప్పిన చోటు ఒకటుంది. అది ఆమెకు చెప్పలేను. ఇంకోటి చెప్పాను. ఒకసారి పన్నెండింటిలో ఒక గోత్రం దాదాపు లేకుండా పోయింది. అలా చేసింది మిగతా గోత్రాలవాళ్లే. వాళ్లంతా సాయంత్రం దాకా దేవుడి ముందు కూర్చుని, ఇవాళ మనలో ఒక గోత్రం తక్కువైందేమిటని గట్టిగా ఏడ్చారు.

"ఏం చెయ్యాలో రాయలేదా?"

"కూర్చుని ఏడ్చారని ఉంది మేడమ్."

"అదైతే వచ్చు," అంది. కానీ ఏడవలేదు. లేచి, బస్తాల లారీ వచ్చిందేమో చూడ్డానికి వెళ్లింది.

అంత్యక్రియలు అతని ఊళ్లో జరిగాయి. శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ని. ఎత్తు చాలక నా భుజం మీద మడిచిన టోపీ పెట్టారు. తర్వాత వాళ్లింట్లో శాండ్‌విచ్‌లు, టీ. అతని తల్లి మా అందరి చేతులూ పట్టుకుని పలకరించింది. నా దగ్గరకొచ్చి అంది.

"మీ కథలు వాడికి ఇష్టమట. ఫోన్లో చెప్పేవాడు. ఆ నాలుగు ప్రశ్నల సంగతి కూడా చెప్పాడు."

"అవునమ్మా."

"వాడికి చిన్నప్పట్నుంచీ నీళ్లంటే భయం బాబూ. సైన్యంలో ఈత పరీక్ష కళ్లు మూసుకుని ఈదాడు. పడవలో వేశారేంటిరా అంటే, గ్రాండ్ అమ్మా అన్నాడు. చెయ్యెత్తరా, అడుగుతున్నారుగా అన్నాను. మేం పదిమందిమే అమ్మా, అందరికీ కనపడుతుంది అన్నాడు."

కార్పొరల్ నా వెనకే నిలబడి ఉంది. ఆమె విందో లేదో తెలియదు. చేతిలో కప్పు మాత్రం సాసర్ మీద పెట్టబోయి, పెట్టలేక, అలాగే పట్టుకుంది.

గోత్రంలో వేలమంది ఉంటారు. ఇల్లున్నవాళ్లు వందల్లో లేచి వెళ్తే, ఆ దుమ్ములో భయపడ్డవాడు కనపడకుండా వెళ్లిపోగలడు. మాలో ఇల్లున్నది నాకొక్కడికే. నేనొక్కణ్నే నడిచాను. ఒక్క మనిషి వెనకాల దాక్కోవడానికి చోటెంతని?

నీరు తీశాక జనవరిలో ఇంటికొచ్చాను. ప్రార్థన కూడిక పెట్టారు. సంఘమంతా వచ్చింది. ఒక ఆంటీ నన్ను మెచ్చుకోబోయింది. "నిన్ను దేవుడు కాపాడాడు బాబూ, ఈ ఇంటి కోసమే." మా నాన్న ఆమెవైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ పూట వాక్యం చెప్పాల్సింది ఆయన. బైబిల్ తెరిచి, మూసేసి, "పాట పాడదాం" అన్నాడు. ఆ మరుసటి ఏడు నేను సైన్యం వదిలేశాను. ఇప్పుడు చిప్పులు చేసే ఫ్యాక్టరీలో పని. అక్కడ తలనుంచి పాదం దాకా తెల్ల సూటు తొడుగుతారు. ఎవరికి భయమో ఎవరికీ తెలియదు.

కార్పొరల్ సార్జెంట్ అయింది. పండక్కి మెసేజ్ పెడుతుంది. ముసలాయన మార్చి దాకా బతికాడు.

నన్ను వదలనిది ఒకటుంది. ఆ శుక్రవారం సాయంత్రం నేను రేడియో వదిలేసి గట్టు మీదికి పరిగెత్తాను. చీకటి పడిపోయింది. నీళ్ల మీద ఒక వెలుతురు నెమ్మదిగా వస్తోంది. పడవ ముందు భాగంలో ఎవరో కూర్చుని టార్చి పట్టుకున్నారు. ఒక్క క్షణం ముందువాడే అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే అమలాపురం ఆంటీ. బయల్దేరేటప్పుడు అతనే టార్చి ఆమె చేతికిచ్చి, ముందు నీళ్ల మీదికి పట్టుకోండి అన్నాడట. పట్టుకుంది. ఒడ్డున దిగింది, దుప్పటి కప్పారు, అంబులెన్సు ఎక్కించారు. నేను "వందనాలు ఆంటీ" అన్నాను. ఆమె రెండు చేతులతో టార్చిని పట్టుకుని ఎదురుగా చూస్తోంది. అంబులెన్సు లోపలి తెల్ల తలుపు మీద గుండ్రంగా వెలుతురు పడింది. అది కదలడం లేదు. ఇక ఆపొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.