వసుంధర మేడం చెప్పిన అబద్ధం

మొన్న ఖమ్మం బస్టాండులో ఒకతను ఉన్నట్టుండి కింద పడి కొట్టుకుంటుంటే, ఎవరో ఉల్లిగడ్డ చితకగొట్టి అతని ముక్కు దగ్గర పెట్టారు. నేను దాన్ని తీసేయించాను. జనాన్ని తప్పుకోమని, అతణ్ని పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద నా చున్నీ మడిచి పెట్టాను. కళ్లు తెరిచాక అతను ముందుగా చూసుకున్నది తడిసిన ప్యాంటును. ఆ చూపు నాకు తెలుసు. దాంతోపాటే వసుంధర మేడం గుర్తొచ్చారు.

మేడం నరాల డాక్టరు. మూర్ఛ, పక్షవాతం, చేతుల వణుకు లాంటి జబ్బులు మా వైపు ఊళ్లలో ఎంతమందికి ఉన్నాయో ఇల్లిల్లూ తిరిగి తేల్చే సర్వేకు ఆమె పెద్ద. డిగ్రీ అయి ముదిగొండలో ఖాళీగా ఉన్న నేను అందులో చేరాను. నాకు పదో తరగతి నుంచీ ఫిట్స్ ఉన్నాయని అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ తెలియదు. మాత్రలు పౌడరు డబ్బాలో దాచుకునేదాన్ని. ఇంకొకరి గడపలో నిలబడి "మీ ఇంట్ల ఎవరికన్న ఫిట్స్ వస్తయా?" అని అడిగేటప్పుడు నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించేది.

"రోగం పేరు అడగకమ్మా," అనేవారు మేడం. "పేరు వింటెనే తలుపేసుకుంటరు. జరిగింది అడుగు. ఎవరన్న ఉన్నట్టుండి పడ్డరా, నిప్పుల చెయ్యి కాలిందా, అడుగు. జబ్బు ఏందో మనం తర్వాత తేల్చుకుందం." ఆ మాట అంటూ ఒకసారి నా ముంజేతి మీది కాలిన మచ్చను చూశారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ ఎండాకాలం టేకులపల్లిలో గది కిరాయికి తీసుకుని ఆడవాళ్లం నలుగురం ఉన్నాం. వాళ్ల కంటబడకుండా మాత్ర వేసుకోవడం కుదరక మానేశాను. ఆ తర్వాత అడవి అంచున ఉన్న ఒక తండాకు వెళ్లాం. బుజ్జి అనే ఆవిడ గడపకు అడ్డంగా నిలబడి "మా ఇంట్ల ఎవ్వరికి ఏం లేదమ్మా" అంది. ఆమె వెనక చీకట్లోంచి ఒక పిల్ల తొంగి చూసింది. నాకు అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి నోట్లో రక్తం రుచి. చుట్టూ జనం. బట్టలు తడిసిపోయాయి. మేడం తన తెల్లకోటు విప్పి నా నడుము మీద కప్పారు.

"ఏమైందమ్మా ఆ పిల్లకు?" అని ఎవరో అడిగారు.

మేడం నా ముఖంలోకి చూశారు. వద్దన్నట్టు తల ఊపాను.

"ఎండదెబ్బ," అన్నారామె. బుజ్జి మా ఇద్దరినీ చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తిరిగి వస్తుంటే జీపులో అడిగాను. "మీకు ముందే తెలుసా మేడం?"

"మచ్చ చూసిననాడే అనుమానం వచ్చింది."

"మరి అడగలే?"

"అడిగితే లేదందువు. నీతోని అబద్ధం చెప్పించుడెందుకు? ఇయ్యాల నేనే చెప్పిన. ఆ తల్లి నమ్మలే."

ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నా గుట్టు కాపాడడానికి ఆ ఇంటిని పోగొట్టుకున్నారామె. తడిసిన బట్టల కంటే అదే ఎక్కువ సిగ్గనిపించింది.

తెల్లవారి మళ్లీ వెళ్దామని నేనే అన్నాను. మేడం జీపు దగ్గరే ఆగిపోయారు. బుజ్జి తలుపు సగమే తీసింది. "అక్కా, నిన్న నాకు ఎండదెబ్బ గాదు. ఫిట్స్. మందు ఏసుకోలే," అన్నాను, ఆమె ముఖం చూడలేక గడప వంక చూస్తూ.

బుజ్జి తలుపు ఇంకాస్త తీసింది. "మందేసుకుంటే రావా?" అంది.

"సరిగ ఏసుకున్నన్ని రోజులు రాలే."

"చదువుకున్నవా?"

"డిగ్రీ చేసిన."

బుజ్జి వెనక్కి తిరిగి కూతుర్ని పిలిచింది. నిన్న చీకట్లోంచి తొంగి చూసిన పిల్ల గోడ పట్టుకుని బయటికి వచ్చింది. "గిట్లనే పడతదమ్మా, హాస్టలోళ్లు ఇంటికి పంపిన్రు," అంటూ తల్లి ఏడ్చేసింది. మేడం వచ్చి అరుగు మీద కూర్చుని, నాలుక కరుచుకుంటదా, లేచినంక ఏమన్న గుర్తుంటదా అని నెమ్మదిగా అడుగుతూ పోయారు. ఆ పిల్ల మా లెక్కలోకి వచ్చింది, మందూ మొదలైంది. తర్వాత మళ్లీ హాస్టలుకు వెళ్లిందని విన్నాను. మేడం నన్ను మెచ్చుకోలేదు. "ఇయ్యాల మాత్ర ఏసుకున్నవా?" అని మాత్రం అడిగారు.

సర్వే అయ్యాక ఆమె వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. నేను ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. సిగ్గు పోయిందని చెప్పలేను. కొత్త గడపలో నిలబడి ముందుగా నా జబ్బు సంగతి చెప్పేటప్పుడు చెవులు వేడెక్కుతాయి, చూపు నేలకు దిగుతుంది. అయినా చెబుతాను. చెప్పి, కష్టం మీద తలెత్తి, లోపలినుంచి ఎవరైనా వస్తారేమోనని ఆగుతాను.